అదిగో ఆట... ఇదిగో వాయిదా!

“వాయిదా పడిందమ్మా!”

2025 మే నెల రెండో తేదీ. రాజమండ్రి దానవాయిపేటలో ఓ ఇంట్లో, ఇంటర్ పరీక్షలు గట్టెక్కిన కుర్రాడు సెల్‌ఫోన్ చూస్తూ పెట్టిన కేక అది. వంటింట్లో ఆవకాయ కలుపుతున్న అమ్మ కారం చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏంట్రా, ఎంసెట్టా?”

“ఎంసెట్ కాదమ్మా... జీటీఏ సిక్స్!”

అమ్మ ప్రాణం కుదుటపడింది. కుర్రాడికి మాత్రం కొంపమునిగినంత పనైంది. వరండాలో పేపరు చదువుకుంటున్న తాతయ్య కళ్లజోడు పైకి నెట్టి అడిగారు.

“ఆట వాయిదా పడ్డమేంట్రా అబ్బాయ్... వానేమన్నా వచ్చిందా?”

నవ్వొచ్చే ప్రశ్నే. కానీ అసలు సంగతి అందులోనే ఉంది. క్రికెట్ మ్యాచ్ ఆగిపోతే కారణం కళ్లకి కనిపిస్తుంది. మరి కంప్యూటర్ ఆట ఎందుకు ఆగినట్టు? వాన లేదు, వరద లేదు. తేదీ చెప్పిందీ వాళ్లే, మార్చిందీ వాళ్లే. డబ్బుకి కొదవా అంటే అదీ కాదు. ఇదే వరసలో 2013లో వచ్చిన ఐదో ఆట ఇరవై కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. అంత సంపాదించినవాళ్లు చెప్పిన రోజుకి సరుకు ఇవ్వలేకపోవడమేమిటి?

‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ తయారీదారు రాక్‌స్టార్ గేమ్స్. ఆరో ఆట మొదటి ట్రైలర్‌ని 2023 డిసెంబరులో వదిలి, 2025లో తెస్తామంది. 2025 మేలో మాట మార్చి 2026 మే 26 అంది. అదే ఏడాది నవంబరులో మళ్లీ మార్చి 2026 నవంబరు 19 అంది. రెండుసార్లూ చెప్పిన కారణం ఒకటే. నునుపు తేలాలి, అందుకు ఇంకాస్త సమయం కావాలి!

కుర్రాడు గుండె బాదుకున్నాడు గానీ, కాస్త వెనక్కి తిరిగి చూసుంటే ముందే పసిగట్టేవాడు. ఇదే కంపెనీ నాలుగో జీటీఏ 2007 అక్టోబరులో రావాల్సింది, 2008 ఏప్రిల్‌లో వచ్చింది. ఐదోది 2013 వేసవికి ముందే అన్నారు, సెప్టెంబరు 17న వచ్చింది. ఆ ఐదో ఆటనే కంప్యూటర్‌కి మార్చి ఇవ్వడానికి తేదీ మీద తేదీ మార్చి చివరికి 2015 ఏప్రిల్‌లో ఇచ్చారు. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ సంగతీ అంతే. 2017 అన్నది 2018 మొదట్లోకి, అక్కణ్నుంచి 2018 అక్టోబరు 26కి జరిగింది. అన్నలందరూ బడికి ఆలస్యంగానే వెళ్లారు. తమ్ముడు మాత్రం గంట కొట్టకముందే వెళ్తాడని ఎలా అనుకోవడం?

ఎక్కడుంది చిక్కు?

వాయిదాలు తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. 2020 జులై 30న వస్తుందన్న ‘ఆర్ఆర్ఆర్’ తేదీలు మారీ మారీ 2022 మార్చి 25న థియేటర్లకొచ్చింది. అందులో కరోనా వాటా పెద్దదే. ‘కల్కి 2898 ఏడీ’ 2024 సంక్రాంతికి అన్నారు, మేకి మార్చారు, చివరికి జూన్ 27న విడుదల చేశారు. రాజమండ్రిలో సినిమా పిచ్చి ఉన్న ఏ కుర్రాణ్ని అడిగినా ఈ లెక్కలు వేళ్ల మీద చెబుతాడు.

అయితే సినిమాకి ఒక సౌకర్యం ఉంది. ఎన్ని సీన్లు తీశారో, ఎన్ని రోజుల షూటింగు మిగిలిందో లెక్కపెట్టొచ్చు. ప్రేక్షకుడు కుర్చీలోంచి కదలడు. కెమెరా చూపించిందే చూస్తాడు. కెమెరా వెనక గోడకి సున్నం లేకపోయినా ఫర్వాలేదు.

ఆటలో అలా కుదరదు. ఆడేవాడు ఊరంతా తిరుగుతాడు. మెయిన్‌రోడ్డు మీద వెళ్లమంటే సందులో దూరతాడు. కారు నడపమంటే కాలవలోకి దించుతాడు. కథ కోసం ఎదురుచూస్తున్న పాత్రని వదిలేసి గంటసేపు చేపలు పడతాడు. అలా చేస్తే ఏమవుతుందో, వాడు చెయ్యకముందే తయారీదారులు ఆలోచించి ఉండాలి.

ఇంకో చిక్కు. పనులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఆటలో కథానాయకుడు గోడలెక్కుతాడనుకోండి. ఆరడుగుల గోడ దూకేలా మొదట తయారుచేశారు. ఆడి చూస్తే మరీ తేలిగ్గా ఉంది. నాలుగడుగులకి తగ్గించారు. చెప్పడానికి ఒక్క అంకె మారిందంతే! కానీ ఊళ్లో ఉన్న ప్రతి గోడా, ప్రతి మేడా, పోలీసుల నుంచి తప్పించుకునే ప్రతి దారీ మళ్లీ చూసుకోవాలి. రెండేళ్లు కష్టపడి బొమ్మలు గీసినవాళ్ల పని ఒక్క పూటలో తిరగరాతకొస్తుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు సరదా! వంతెనకి ఇంత బరువు మోయాలని లెక్క ఉంటుంది. ఆటకి సరదాగా ఉండాలన్నదే లెక్క. దాన్ని కాగితం మీద కొలవలేరు. ముక్కలన్నీ ఒకచోట చేరి, చేతిలో పట్టుకుని ఆడితే తప్ప బాగుందో లేదో తెలీదు. ఆ ముక్కలు చేరేదేమో పని చివర్లో. పులుసు మరిగాక గానీ ఉప్పు సంగతి తెలియదన్నట్టు!

ఆలస్యమవుతుంటే ఇంకో వంద మందిని పెట్టుకోవచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఐబీఎంలో భారీ సాఫ్ట్‌వేర్ పనిని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే దీనికి సమాధానం రాశారు. వెనకబడిన సాఫ్ట్‌వేర్ పనిలోకి కొత్త మనుషుల్ని దించితే అది ఇంకా వెనకబడుతుందన్నది ఆయన అనుభవం. కొత్తవాళ్లకి పని నేర్పేది పాతవాళ్లే, వాళ్ల చేతిలో పని ఆగుతుంది. పైగా మనుషులు పెరిగేకొద్దీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన మాటలూ పెరుగుతాయి. ఊడ్పులకి పదిమంది కూలీలు ఎక్కువొస్తే మధ్యాహ్నానికే చేను పూర్తవుతుంది. చేను పండటానికి మాత్రం ఎంతమంది గట్టు మీద కూర్చున్నా ఒకటే!

తాతయ్య పోలిక

మనవడి దగ్గర ఈ గోడల సంగతంతా విన్న తాతయ్య తలపంకించారు. ఆయన ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. “పోలవరం కథే అన్నమాట!” అన్నారు.

పోలవరం ప్రాజెక్టుకి 1980ల మొదట్లో శంకుస్థాపన జరిగింది. 2004 తర్వాత పనులు ఊపందుకున్నాయి. 2014లో జాతీయ ప్రాజెక్టయింది. నదికి అడ్డంగా కట్టాల్సిన ప్రధాన డ్యామ్‌కి భూమి లోపల పునాదిలా ఉండే డయాఫ్రం గోడని 2018 నాటికి కట్టారు. వరదని పక్కకి మళ్లించాల్సిన కాఫర్ డ్యాములు మాత్రం అప్పటికి పూర్తికాలేదు. తర్వాత వచ్చిన గోదావరి వరదల్లో ఆ గోడ దెబ్బతింది. చివరికి పాత గోడ పక్కన కొత్త గోడ కట్టే పని 2025 జనవరిలో మొదలైంది. తప్పు ఎవరిదన్న తగువు ఇక్కడ అక్కర్లేదు. ముందు చెయ్యాల్సింది వెనకా, వెనక చెయ్యాల్సింది ముందూ అయితే, చేసిన పని కూడా చెయ్యనట్టే లెక్క అన్నది తాతయ్య చెప్పదలచుకున్న మాట. పోలిక పని వరస వరకే. ప్రాజెక్టు కోసం ఊళ్లు వదులుకున్నవాళ్ల కష్టం ముందు ఆట వాయిదా ఒక లెక్కే కాదు.

భారీ ఆటలకీ ఇలాంటి గోడ కథలున్నాయి. ‘డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్’ అనే ఆటని 1997లో ప్రకటించారు. ఆటకి పునాదిలాంటి సాఫ్ట్‌వేర్‌ని ఇంజిన్ అంటారు. మార్కెట్లోకి కొత్త ఇంజిన్ వచ్చిందని మొదట్లోనే పాతదాన్ని పక్కనపెట్టారు. కట్టింది కూల్చడం, మళ్లీ కట్టడం. ఎప్పుడిస్తారని అడిగితే ‘అయినప్పుడు’ అని జవాబు! 2009లో డబ్బులైపోయి బృందాన్ని పంపించేశారు. వేరే కంపెనీ పూర్తిచేసి 2011 జూన్‌లో విడుదల చేసింది. పద్నాలుగేళ్లు! తీరా చూస్తే ఆట పాతచింతకాయ పచ్చడి. ఆలస్యమైనంత మాత్రాన రుచి రాదన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన దేశంలోనూ ఓ ఉదాహరణ ఉంది. ఫ్రెంచి కంపెనీ యూబీసాఫ్ట్, 2003 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’ ఆటని కొత్తగా తీర్చిదిద్దే బాధ్యతని తన పుణె, ముంబయి స్టూడియోలకి అప్పగించింది. భారతదేశంలో అంత పేరున్న ఆటని ముందుండి చెయ్యడం అరుదు. 2020 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు 2021 జనవరి అన్నారు. ట్రైలర్ చూసి బొమ్మలు బాగాలేవని అభిమానులు పెదవి విరిచారు. మార్చికి జరిపారు. తర్వాత తేదీయే తీసేశారు. 2022లో పనిని కెనడాలోని మాంట్రియల్ స్టూడియోకి మార్చేశారు. 2026 జనవరిలో ఏకంగా రద్దే చేశారు. రాత్రింబవళ్లు కూర్చున్న మన పిల్లల పని లోకం ముందుకి రాకుండానే పోయింది.

గురుడు ఆగడు!

కుదరదని తెలిసినప్పుడు తేదీ ఎందుకు చెప్పాలి? ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత వీళ్లకి తెలియదా? తెలిసినా తప్పదు. జీటీఏ యజమాని టేక్-టూ షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ. ఏ ఆర్థిక సంవత్సరంలో ఎంత ఆదాయం వస్తుందో వాటాదార్లకు చెప్పాలి. ప్రకటనలకి చోటు ముందే కొనాలి. పండగ అమ్మకాల్లో దుకాణాలకి సరుకు అందాలి. అందుకని తయారుచేసేవాళ్లకే తెలియని తేదీ లోకానికి ముందు తెలిసిపోతుంది.

కొన్ని తేదీలు నిజంగానే కదలవు. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బృహస్పతి సింహరాశిలో అడుగుపెట్టాడంటే పుష్కరాలే. 2015 జులై 14న అలాగే వచ్చాయి, మళ్లీ 2027లో వస్తాయి. ఘాట్‌లో మెట్లకి సిమెంటు ఆరలేదని గురుడు ఆగడు కదా!

ఆటల కంపెనీలకి క్రిస్మస్ అలాంటిది. 1982లో స్పీల్‌బర్గ్ సినిమా ‘ఈటీ’ని ఆటగా మార్చే హక్కులు అటారీ కంపెనీ కొనుక్కుంది. బేరం తేలేసరికి జులై అయిపోయింది. క్రిస్మస్ నాటికి పెట్టెలు దుకాణాల్లో ఉండాలంటే ప్రోగ్రామర్‌కి మిగిలింది అయిదారు వారాలే. ఆయన పూర్తిచేశాడు. తేదీ తప్పలేదు, ఆటే తప్పింది! హీరో మాటిమాటికీ గుంటల్లో పడిపోతుంటే పిల్లలకి విసుగొచ్చింది. అమ్ముడుపోని పెట్టెల్ని 1983లో అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో చెత్తతోపాటు పూడ్చిపెట్టారు. 2014లో తవ్వితే బయటపడ్డాయి కూడా.

ఇది పాతరాతియుగం ముచ్చటనుకుంటే పొరపాటు. పోలెండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2012లో ‘సైబర్‌పంక్ 2077’ని ప్రకటించింది. 2020 ఏప్రిల్ 16 అంది. తర్వాత సెప్టెంబరు 17 అంది. తర్వాత నవంబరు 19. ఆట పూర్తయిందని అక్టోబరులో చాటింపు వేసి, మళ్లీ మూడు వారాలు వెనక్కి తోసింది. డిసెంబరు 10న ఇక ఆగలేక వదిలేసింది. కొత్త కంప్యూటర్లలో ఫర్వాలేదు గానీ, పాత ప్లేస్టేషన్ 4లో ఆడినవాళ్లకి చుక్కలు కనిపించాయి. మనుషులు గోడల్లోంచి నడిచిపోవడం, ఆట ఉన్నట్టుండి ఆగిపోవడం! వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణంలోంచి ఆ ఆటని తీసేసి, అడిగినవాళ్లకి డబ్బు వాపసిచ్చింది. ఆర్నెల్ల తర్వాత 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. నిజానికి ఆట బాగుందనిపించుకున్నది 2023లో భారీ మరమ్మతులయ్యాకే. అంటే మూడేళ్ల వాయిదాని కొనుక్కున్నవాళ్ల నెత్తిన పెట్టారన్నమాట.

దీనికి పూర్తిగా ఎదురు కథ నింటెండోది. ‘జెల్డా’ వరసలో ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ 2022 నుంచి 2023 మేకి జరిగింది. ఆట దాదాపు తయారైపోయాక కూడా మెరుగులకే ఏడాది తీసుకున్నారు. అందులో దొరికిన చెక్కలూ చక్రాలూ అతికించి ఆడేవాళ్లు చిత్రవిచిత్రమైన బళ్లు కట్టారు, అయినా ఆట కూలిపోలేదు. ఆ ఏడాది ఎక్కడికి పోయిందో ఆడినవాళ్లకి తెలిసింది.

బీరువాలో పదకొండు వేలు

దానవాయిపేట కుర్రాడి దగ్గర మాత్రం వేరే లెక్క ఉంది. రెండేళ్ల దసరా మామూళ్లూ, సంక్రాంతికి మావయ్యలిచ్చిన నోట్లూ కలిపి పదకొండు వేలు. బీరువాలో అమ్మ చీరల కింద ఉన్నాయి. ఆటకి ముందస్తు బుకింగ్ తెరవగానే కట్టేయాలని వాడి ఆరాటం. యాభైవేల పైమాట ఉన్న ప్లేస్టేషన్ 5 మాత్రం నాన్న కొనాలి. నాన్నది ఒకటే మాట. “ఆట వచ్చాక చూద్దాం.” (ఆ ఆటల వరస పెద్దవాళ్లకేనన్న సంగతి కుర్రాడు ఇంట్లో ఇంకా చెప్పలేదు. అది వేరే గొడవ.)

నాన్నకి ఆటల గురించి ఓనమాలు తెలీదు. అయినా ఆ మాటలో పసుంది. డిస్కు రూపంలోనో, డౌన్‌లోడ్ రూపంలోనో వచ్చే ఆట విడుదలరోజు స్టాకు అయిపోతుందన్న భయం ఇప్పుడు దాదాపు లేదు. ముందు కట్టినవాళ్లకి ఓ రంగు చొక్కా, ఓ కొత్త కారు, అన్నీ ఆటలోవే, బహుమతిగా ఇస్తారు. ఆట ఎలా ఉందో ఎవరూ చెప్పకముందే డబ్బు చేతులు మారుతుంది. ‘స్టార్ సిటిజన్’ అనే అంతరిక్షం ఆట 2012లో జనం దగ్గర చందాలు పోగుచెయ్యడం మొదలుపెట్టింది. 2014లో ఇస్తామంది. 2025 నాటికి ఎనభై కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. సగం తయారైన రూపంలో ఆడుకోనిస్తున్నారు గానీ, పూర్తి ఆట 2025లో కూడా రాలేదు. చందా కట్టినప్పుడు ఇంటర్ చదివినవాళ్లకి అప్పటికి పిల్లలు పుట్టుంటారు!

ఈ ఇంట్లో వాయిదాల భోగట్టా బాగా తెలిసిన మనిషి ఇంకొకరున్నారు. కుర్రాడి పెదనాన్నగారి అమ్మాయి. కాకినాడలో ఇంజినీరింగ్ చదివి, బెంగళూరులో ఓ స్టూడియోలో చేరింది. విదేశీ కంపెనీల ఆటలకి ఇళ్లూ, చెట్లూ, తుప్పుపట్టిన రేకులూ తయారుచేసే ఉద్యోగం. బెంగళూరుకి ఈ పని కొత్తేమీ కాదు. 1997లో అక్కడ మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ని 2019లో జీటీఏ వాళ్ల రాక్‌స్టార్ సంస్థే కొనుక్కుని తన బెంగళూరు స్టూడియోలో కలిపేసుకుంది. అలాంటి స్టూడియోలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. వాటిలో తెలుగు పిల్లలూ ఉన్నారు.

తేదీ దగ్గరపడేకొద్దీ ఆ పిల్లల పరిస్థితిని ఈ రంగంలో ‘క్రంచ్’ అంటారు. ఉదయం వెళ్తే అర్ధరాత్రి. శని, ఆదివారాలు ఉండవు. సైబర్‌పంక్ వాళ్లు ఉద్యోగులతో బలవంతంగా అదనపు పని చేయించబోమని 2019లో మాటిచ్చి, 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజులు రావాల్సిందేనన్నారు. రెడ్ డెడ్ రెండో ఆట సమయంలో వారానికి వంద గంటల పని మాట బయటికొచ్చి పెద్ద దుమారమే రేగింది. పెదనాన్నగారి అమ్మాయి 2025 సంక్రాంతికి ఇంటికి రాలేదు. భోగి మంటల ఫోటో పంపితే రాత్రి ఒంటిగంటకి ‘బాగుంది’ అని జవాబిచ్చింది. పెద్దమ్మ ఆ రోజు సరిగ్గా అన్నం తినలేదు.

అభిమానులు కంపెనీని తిట్టుకుంటూ రాసే రాతలు ఈ పిల్లలు చదువుతారు. తేదీ చెప్పింది వీళ్లు కాదు. మార్చిందీ వీళ్లు కాదు. కానీ చెప్పిన తేదీకి, అయ్యే తేదీకి మధ్య ఉన్న తేడాని తమ నిద్రతో పూడ్చేది వీళ్లే.

నవంబరులో జీటీఏ రెండోసారి వాయిదా పడిందని తెలిసినప్పుడు కుర్రాడు కాకినాడ హాస్టల్లో ఉన్నాడు. ఇంజినీరింగ్ మొదటి ఏడాది. ఈసారి కేక పెట్టలేదు. ఇంటికి ఫోన్ చేసి, బీరువాలో డబ్బు అలాగే ఉందా అని మాత్రం అడిగాడు. అందులో నాలుగు వేలు నాన్న ఫ్యాను మోటారుకి వాడేశారని అమ్మ చెప్పలేదు.

2026 సంక్రాంతికి మాత్రం అక్క వచ్చింది. ఆమె పనిచేస్తున్న ఆటని కూడా నాలుగు నెలలు వెనక్కి జరిపారు. అందుకే సెలవు దొరికింది. పెద్దమ్మ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించింది. భోగి నాటి సాయంత్రం అందరూ వరండాలో కూర్చున్నారు.

“అక్కా, నీ ఆట ఎప్పుడొస్తుందే?” తమ్ముడు ఆశగా అడిగాడు.

“చెప్పకూడదురా. సంతకం పెట్టాం.”

తాతయ్య కళ్లజోడు పైకి నెట్టారు. “చెప్పకూడదా అమ్మడూ... తెలీదా?”

అక్క ఇంకో పూతరేకు తీసుకుంది.